పూరుడి ముఖం ఎవరు చూశారు

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్ళలో ముసలివాళ్ళ ముఖాలను కెమెరా ఇంత దగ్గరగా ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు. పింఛను పంచే చోట వేలిముద్ర పడకపోతే ముఖం చూపించమంటున్నారు. ఏళ్ళ తరబడి తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన వేళ్ళకు, నాట్ల బురదలో నాని కొడవలి పిడికి అరిగిన వేళ్ళకు గీతలు సరిగా నిలవవు, యంత్రం పోల్చుకోలేదు. అప్పుడు ఆ అవ్వ ఫోను ముందు నిలబడి తాను తానేనని, బతికే ఉన్నానని ముఖంతో రుజువు చేసుకోవాలి. ఇంకో దగ్గరి చూపు రాత్రిపూట ఉంటుంది. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎందరో. దుబాయి నుంచో మస్కట్ నుంచో కొడుకు వీడియో కాల్ చేస్తే, ఫోను ఎంత దూరంలో పట్టుకోవాలో అలవాటులేని తల్లి దాన్ని ముఖం మీదికి తెచ్చుకుంటుంది. అక్కడ కొడుకు చేతిలోని తెర నిండా ఒక కన్ను, సగం నుదురు, వాటి చుట్టూ ముడతలు. మొదటి చూపుకు కావలసింది పోలిక ఒక్కటే. రెండో చూపు ఏమీ అడగదు, కనబడితే చాలునంటుంది. ఈ రెండింటికీ అందంతో పనిలేదు. ముడతల్లో అందం ఉందని చెప్పేది మూడో చూపు, దగ్గరి లెన్సు పెట్టుకుని ముసలి ముఖాల మీదికి వంగే ఫొటోగ్రాఫరుది. ఆ మాట నిజమేనా, నిజమైతే ఏ అర్థంలో నిజం? ఇది కళకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, లోతుకు పోతే మతానికి సంబంధించినది. ముసలితనం దుఃఖమని, దాన్ని చూసైనా దేహం మీద ఆశ వదులుకోవాలని మన దర్శనాలు దాదాపు అన్నీ చెప్పాయి. వదులుకోమన్నదాన్నే అందమని పట్టుకు కూర్చుంటే అది కొత్త రకం మోహం కాదా?

నా సమాధానం ముందే చెబుతాను. ముడత తనంతట తాను అందమైనదీ కాదు, వికారమైనదీ కాదు. దాన్ని చూడగానే మనలో కదిలేది భయం. ఇది నాకూ వస్తుంది, దీని వెనుక వచ్చేది మరొకటుంది అనే భయం. అందుకే చూపు ముడత మీద నిలవదు. పక్కకు జారిపోతుంది, లేదా జాలిగానో వేళాకోళంగానో వైరాగ్యంగానో మారి తప్పించుకుంటుంది. దగ్గరి ఫొటో ఆ తప్పించుకునే దారులను మూసేస్తుంది. ఎదుటి మనిషి ముఖానికి జానెడు దూరంలో మన ముఖం పెట్టి నిమిషాల తరబడి చూడటం బతుకులో కుదరని పని. పసిపిల్లలకు, ప్రేమించినవాళ్ళకు, మంచం పట్టినవాళ్ళకు సేవచేసేవాళ్ళకు తప్ప ఆ హక్కు ఎవరికీ లేదు. బొమ్మ ముందు ఆ సిగ్గు ఉండదు. చూడగా చూడగా భయం సడలుతుంది. అది సడలాక కంటికి ఆనేది ఏదుందో దాన్నే నేను ముడతలోని అందం అంటున్నాను. కోరిక పుట్టించే అందం వేరు, ఇది వేరు. ఇందులో కావాలనిపించడం లేదు, వద్దనిపించడం లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటంలో కలిగే ఊరట ఉంది. ఈ అర్థంలో తీసుకుంటే ఫొటోగ్రాఫరు మాటకూ దర్శనాల మాటకూ వైరం లేదు. అయితే ఇది నిలబడాలంటే ఎదురయ్యే ఆక్షేపణలు తేలికైనవి కావు.

మొదటిది వెలుతురు గురించి. ముడతలను ఫొటో తీసేవాళ్ళకు త్వరగానే తెలిసొచ్చే సంగతి ఒకటుంది. ముడత నల్లటి గీతలా కనబడుతుంది, కానీ చర్మం మీద నల్లటి గీత ఎక్కడా లేదు. ఉన్నది ఒక మడత. దానికి ఒక అంచు, కాస్త లోతు. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా వస్తే అంచు నీడ ఆ లోతులో పడుతుంది. ఆ నీడనే మన కన్ను గీతగా చదువుకుంటుంది. అదే ముఖానికి ఎదురుగా ఫ్లాషు కొడితే నీడకు చోటుండదు, సన్నటి ముడతలు చాలావరకు మాయమవుతాయి. పొద్దున అరుగు మీద కూర్చున్న మనిషికి చూరు కిందుగా ఎండ తగిలినప్పుడు ముఖం ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం చెట్టు నీడన ఇంకోలా ఉంటుంది. ఇంకా దగ్గరికి, వస్తువు ఎంతుందో సెన్సరు మీద బొమ్మా అంతే పడేటంత దగ్గరికి పోతే, తేటగా కనబడే లోతు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. కంటికొన ముడత స్పష్టంగా ఉంటే రెప్ప వెంట్రుకలు మసకబారతాయి. కాబట్టి మీరు చూపించే అందం ముడతది కాదు, వెలుతురుది, తీసినవాడి పనితనానిది అని ఆక్షేపించవచ్చు. ఇందులో సగం ఒప్పుకుంటాను. వెలుతురు లేకుండా ఏ ముఖమూ కనబడదు. నున్నటి ముఖమూ అంతే. వస్తువూ వెలుతురూ కన్నూ మనసూ కలిస్తేనే రూపం తోస్తుందని బౌద్ధులు ఎప్పుడో చెప్పారు. అందం ఆ కలయికలో పుట్టిందన్నంత మాత్రాన అబద్ధమైపోదు. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి: ఏ పద్ధతి ఉన్నదాన్ని చూపిస్తోంది, ఏది ఉన్నదాన్ని మార్చేస్తోంది? ఇప్పటి ఫోన్లలో చాలా వాటికి ముఖం కనబడగానే చర్మాన్ని నునుపు చేసే ఏర్పాటుంది. అది ఉన్నదాన్ని చెరిపేయడం. ముసలివాళ్ళ ఫొటోలను నలుపు తెలుపులోకి మార్చి, కంప్యూటరులో నీడలు ముదిరించి, ప్రతి ముడతకూ లేని లోతు తెచ్చే అలవాటు మరొకటుంది. అది లేనిదాన్ని చేర్చడం. ఈ రెండూ ఒకే తప్పు అని నా నమ్మకం. రెండింట్లోనూ ఆ మనిషి ముఖం మనం ముందే అనుకున్న ముఖానికి ముడిసరుకైపోతుంది.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది, అది ఈ ప్రాంతపు గతంలోనే ఉంది. బాన్సువాడ పొరుగునున్న బోధన్‌ను అస్సక జనపదపు రాజధాని పోతనగా చరిత్రకారులు గుర్తించారు. బౌద్ధ గ్రంథాలు లెక్కపెట్టిన 16 మహాజనపదాల్లో దక్షిణాపథంలో ఉన్నది అదొక్కటే. సుత్తనిపాతం చివరి భాగమైన పారాయణవర్గం కథ ఆ అస్సక దేశంలోనే మొదలవుతుంది. గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్న బావరి అనే ముసలి బ్రాహ్మణుడు తన 16 మంది శిష్యులను బుద్ధుణ్ణి ప్రశ్నలడిగి రమ్మని ఉత్తరాదికి పంపుతాడు. ఆ ఆశ్రమం ఇప్పటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి దగ్గర ఉండేదని తెలంగాణ చరిత్రకారులు చెబుతారు. శిష్యుల్లో అందరికంటే చివర అడిగినవాడు పింగియుడు. అతడు తన ఒంటినే ముందు పెట్టి అడిగాడు. తాను ముసలివాడినైపోయానని, బలం పోయిందని, మేని రంగు వెలిసిందని, కళ్ళు మసకబారాయని, చెవులు సరిగా వినబడవని చెప్పుకుని, అయోమయంలోనే చచ్చిపోకుండా ఈ పుట్టుకనూ ముసలితనాన్నీ ఇక్కడే దాటే దారి చెప్పమని వేడుకున్నాడు. రూపాల మూలంగానే జనం బాధపడుతున్నారు కాబట్టి రూపాన్ని వదిలెయ్యమని బుద్ధుడు జవాబిచ్చాడు. ఇది కెమెరాకు సూటిగా తగిలే జవాబు. రూపాన్ని పట్టి ఉంచడమే ఫొటో పని కదా. అందులోనూ దగ్గరి ఫొటో రూపాన్ని పెద్దది చేసి మరీ పట్టి ఉంచుతుంది. కానీ కథ అక్కడ ఆగలేదు. పింగియుడికి ఆ జవాబు చాలలేదు, మళ్ళీ అడిగాడు. రెండోసారి బుద్ధుడు చెప్పింది తృష్ణను వదలమని. ముసలితనం కింద నలిగిపోతున్న జనాన్ని చూశాక వదలవలసింది తృష్ణనని. నా దృష్టిలో ఈ రెండో జవాబు మొదటిదానికి తాళంచెవి. రూపం మన ముందు ఉండనే ఉంటుంది, కళ్ళున్నంతకాలం కనబడుతూనే ఉంటుంది. వదలవలసింది దాని మీద బిగించిన పట్టును. ముడతను అసహ్యించుకునేవాడి పట్టు కూడా పట్టే. నున్నటి చర్మం కావాలన్న తృష్ణ లేనివాడికి ముడతను చూసి అసహ్యం పుట్టే అవకాశం లేదు.

పైగా చర్మాన్ని చూడవద్దని బౌద్ధం ఎక్కడా అనలేదు. సన్యాసంలోకి వచ్చే కుర్రవాడికి మొదటిరోజే అప్పగించే ధ్యానవస్తువులు ఐదు: తల వెంట్రుకలు, ఒంటి వెంట్రుకలు, గోళ్ళు, పళ్ళు, చర్మం. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమార్గం వీటిని ఎలా చూడాలో విడమరిచి చెబుతుంది. రంగేమిటి, ఆకారమేమిటి, ఒంట్లో ఏ దిక్కున ఉంది, ఏ చోట ఉంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుంది అని ఒక్కొక్కటిగా గమనించాలి. దగ్గరి లెన్సుతో పనిచేసేవాడు తనను తాను వేసుకునే ప్రశ్నలు కూడా అచ్చంగా ఇవే. ఆ ధ్యానం ఉద్దేశం దేహం మీద మోజు పోగొట్టడమన్నది నిజమే. అయినా అలా చూస్తూపోతే అదే వస్తువు ఒకరికి రోతగా, ఒకరికి వట్టి రంగుగా, మరొకరికి నాదన్నది ఏమీ లేని ధాతువులుగా తోచవచ్చునని ఆ గ్రంథమే ఒప్పుకుంటుంది. అంటే రోత ఆ చూపుకు తప్పనిసరి గమ్యం కాదు. సంయుత్తనికాయంలో ఇంతకంటే విలువైన సాక్ష్యం ఉంది. శ్రావస్తిలో ఒక సాయంత్రం బుద్ధుడు పడమటి ఎండకు వీపు కాచుకుంటూ కూర్చున్నాడు. ఆనందుడు ఆయన ఒళ్ళు పడుతూ, చర్మంలో మునుపటి నిగనిగ లేదని, అవయవాలు వదులై ముడతలు పడ్డాయని, నడుము ముందుకు వంగిందని ఆశ్చర్యపోయి పైకే అనేశాడు. బుద్ధుడు కాదనలేదు, నొచ్చుకోలేదు. అంతే ఆనందా, యౌవనంలో ముసలితనం ఉంటుంది అన్న అర్థంలో జవాబిచ్చాడు. ఆ సంభాషణలో రోత లేదు, పొగడ్త లేదు. ఎన్నో ఏళ్ళు వెంట ఉండి సేవచేసిన మనిషి చేతికి తగిలిన ముడతలు అవి. 80 ఏళ్ళు బతికిన గురువును ఆ తర్వాతి శిల్పులు అమరావతిలోనూ నాగార్జునకొండలోనూ నున్నటి మేనితోనే నిలబెట్టారు. ఆనందుడు చూసిన వీపును చెక్కే ధైర్యం వాళ్ళకు లేకపోయిందో, భక్తి అందుకు ఒప్పుకోలేదో గానీ, మనకొక గొప్ప శిల్పం దక్కకుండాపోయింది.

మన పురాణాల భయం ఇంకా బాహాటమైనది. దేవతలకు ముసలితనం లేదు. మార్కండేయుడికి పదహారేళ్ళు దాటవు. ముసలి చ్యవనుడిని అశ్వినీదేవతలు పడుచువాణ్ణి చేస్తేనే కథ సుఖాంతమవుతుంది. అన్నింటిలోకీ యయాతి కథ ఈ భయాన్ని నగ్నంగా చూపిస్తుంది. నన్నయ ఆదిపర్వంలో దాన్ని తెలుగువాళ్ళకిచ్చాడు. శుక్రుడి శాపంతో ఒక్కసారిగా ముసలితనం మీద పడ్డ యయాతి, దాన్ని తీసుకుని యౌవనం ఇవ్వమని కొడుకులను అడుగుతాడు. యదువూ, తుర్వసుడూ, ద్రుహ్యుడూ, అనువూ ఒప్పుకోలేదు. చిన్నవాడు పూరుడు ఒప్పుకున్నాడు. వెయ్యేళ్ళు భోగాలనుభవించి, కోరిక అనుభవించినకొద్దీ తీరేది కాదని తెలుసుకుని, యయాతి యౌవనాన్ని తిరిగిచ్చి రాజ్యాన్ని పూరుడికే కట్టబెట్టాడు. ఈ కథను మనం ఎప్పుడూ యయాతివైపు నుంచే చదువుతాం, కోరికకు తుది లేదన్న పాఠంగా చదువుతాం. ఆ వెయ్యేళ్ళూ పూరుడు ఎలా ఉన్నాడు? తండ్రి ముడతలు, తండ్రి నెరసిన జుట్టు, తండ్రి వణుకు మోసుకుంటూ ఏ ముఖంతో తిరిగాడు? కథ ఆ ముఖం వైపు తిరగలేదు, చిత్రకారులూ పెద్దగా తిరగలేదు. నా వాదనకు మాత్రం అదే ప్రధానమైన ముఖం. ముసలితనం ఒకరి మీద పడింది, ఇంకొకరు చేతులు చాచి తీసుకున్నారు, ముడతలు అవే. తేడా అంతా భయంలో ఉంది. దక్షిణాదిలో ఇలా కోరి తెచ్చుకున్న ఆడవాళ్ళూ ఉన్నారు. పెళ్ళి తప్పించుకోవడానికి తనను ముసలిదాన్ని చేయమని అవ్వైయార్ వినాయకుణ్ణి వేడుకుందంటారు. కారైక్కాల్ అమ్మయ్యార్ తన అందాన్ని తీసేసి పిశాచరూపం ఇమ్మని శివుణ్ణి కోరితే, శివుడు ఆమెను అమ్మా అని పిలిచాడట. చోళుల కాలపు కంచు విగ్రహాల్లో ఆమె ఎముకల గూడులా, జారిన రొమ్ములతో, చేతిలో తాళాలతో కూర్చుని నవ్వుతూ ఉంటుంది. ఆ విగ్రహాలను చూసినవాళ్ళెవరూ అవి వికారంగా ఉన్నాయని అనలేరు. భక్తి ఒక్కోసారి భయాన్ని దాటిన చోట మన శిల్పులు కూడా దాటారు.

ముడతలను మెచ్చుకునేవాళ్ళు తరచూ చెప్పే కారణం ఒకటుంది, దాన్ని నేను ఒప్పుకోను. ముడతలు మనిషి గుణాన్ని చెబుతాయట; నవ్వినవాళ్ళకు ఒకలా, ఏడ్చినవాళ్ళకు ఒకలా పడతాయట. ముఖం చూసి గుణం చెప్పే సాముద్రికానికి ఇది కొత్త తొడుగు. కండరం లాగిన వైపుకు అడ్డంగా చర్మం మడత పడుతుందన్నది నిజమే. నుదుటి గీతలు, కంటికొన గీతలు అలా వచ్చినవే. కానీ దుర్మార్గుడూ నవ్వుతాడు. వంశాన్ని బట్టి, పొగతాగే అలవాటును బట్టి, అన్నింటికంటే ఎండను బట్టి ముడతలు మారతాయి. 2012లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్య పత్రిక 69 ఏళ్ళ ట్రక్కు డ్రైవరు ఫొటో ప్రచురించింది. 28 ఏళ్ళు బండి నడిపిన ఆయనకు కిటికీ అద్దం వైపున్న ఎడమ చెంప మాత్రమే ముడతలు దేరి వేలాడుతోంది. కుడి చెంప ఎంతో చిన్నవాడిదిలా ఉంది. ఒకే మనిషి, ఒకే గుణం, రెండు చెంపలు. కాబట్టి ముడత ఆత్మకథ కాదు. అది లోకంతో ఒళ్ళు పడ్డ రాపిడికి గుర్తు, నాకు అదే ఎక్కువ గౌరవించదగినదిగా తోస్తుంది. ఎండలో ఏళ్ళ తరబడి వంగి పనిచేసిన రైతుల మెడ వెనుక చర్మం దళసరిగా మారి, వజ్రపు ఆకారంలో గళ్ళుగళ్ళుగా చీలినట్టవుతుంది. చర్మవైద్యులు దానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ వల్ల ఈ ప్రాంతానికి కాలువ నీళ్ళొచ్చాయి, నీళ్ళతో వరి, వరితో నాట్లూ కలుపులూ, వాటితో తరాల తరబడి ఎండలో వంగిన మెడలు. బీడీలు చుట్టే ఆమె సంగతి వేరు. ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని నీడపట్టునే కూర్చుంటుంది, తల మాత్రం రోజంతా వంచే ఉంచుతుంది. ఆమెను దగ్గరగా చూడాలంటే ముఖం కంటే ముందు బొటనవేళ్ళను చూడాలి. ముడత మన ముందు పెట్టేది ఇలాంటి చరిత్ర. గుణాన్ని ఊహించడం మానేస్తే ఇది కనబడుతుంది.

ఇక్కడే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఆక్షేపణ ఎదురవుతుంది. ఆ మెడను చీల్చింది కూలిబతుకైతే, దాన్ని అందమనడం కూలిబతుకును మెచ్చుకోవడం కాదా? 1936లో అమెరికాలో డొరోతియా లాంగ్ తీసిన వలసతల్లి ఫొటో ఈ ప్రశ్నకు అందరికీ తెలిసిన ఉదాహరణ. కాలిఫోర్నియాలో బఠానీ కోతకు వచ్చిన కూలీల శిబిరంలో, పిల్లలను ఆనించుకుని, చెంపకు చేయి చేర్చి దూరంగా చూస్తున్న స్త్రీ. నుదుటి నిండా ముడతలు. అప్పుడామెకు 32 ఏళ్ళు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. ఆ ఫొటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదని, అసలు తీయకపోయుంటే బాగుండేదని ఆమె అంది. 42 ఏళ్ళు ఆమె నుదురు అందరిదీ అయింది, ఆమె మాత్రం ఎవరికీ ఏమీ కాలేదు. మన రసశాస్త్రం ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. బతుకులో భయపెట్టేది, ఏడిపించేది నాటకంలో ఆస్వాదించదగినది ఎలా అవుతుందంటే, అది ఫలానా మనిషిదన్న పట్టు సడలి అందరిదీ అవుతుంది కాబట్టి అని అభినవగుప్తుడి సమాధానం. భరతుడి ఎనిమిది రసాల పక్కన శాంతాన్ని నిలబెట్టి దాన్నే అన్నింటికీ మూలమన్నవాడు కూడా ఆయనే. ముడతల ఫొటో ముందు భయం సడలడమని నేను చెప్పింది ఆ శాంతానికి దగ్గరిదే. కానీ రంగస్థలం మీది రాముడు ఆస్వాదన వల్ల నష్టపోడు. ఫొటోలోని మనిషి బతికున్న మనిషి. రేపు పొద్దున పనికి పోవాలి, నెల తిరిగితే పింఛను కోసం వరసలో నిలబడాలి. కాబట్టి నాటకానికి దొరికే పూర్తి స్వేచ్ఛ ఫొటోకు దొరకదు. పేరూ ఊరూ పనీ తుడిచేసి ముడతలను మాత్రమే మిగిల్చే దగ్గరి ఫొటో రసం పేరుతో మనిషిని దోచుకుంటుంది.

అయినా ఈ ఆక్షేపణ అందాన్ని కొట్టిపారేయలేదు. భయం లేకుండా చూడటం వేరు, కారణాన్ని మెచ్చుకోవడం వేరు. నిజానికి అన్యాయాన్ని కప్పిపెట్టేది జాలి. జాలిపడ్డ కన్ను త్వరగా తిరిగిపోతుంది, తిరిగిపోయిన కన్ను ఏమీ అడగదు. నిలబడి చూసిన కన్నే ఈ మెడ ఇలా ఎందుకయింది, ఈ వేళ్ళకు గీతలు ఎందుకు లేవు అని అడుగుతుంది. తెలంగాణ పల్లె బతుకును దశాబ్దాలపాటు ఫొటోల్లోకెక్కించి 2022లో కన్నుమూసిన వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ పని ఈ కారణానికే నాకు విలువైనదిగా అనిపిస్తుంది. ఆయన ఫొటోల్లో మనిషి తన గడపలో, తన పనిలో ఉంటుంది. చర్మం మనిషి నుంచి విడిపోదు. గల్ఫ్‌లోని కొడుకు తెరమీద చూసేదీ అలాంటిదే. అతడికి ఆ ముడతలు ఒక మనిషివి. అది అందం కాదు, ప్రేమ మాత్రమేనని ఎవరైనా అంటే, భయం లేని చూపుకు అతి పాత రూపం ప్రేమేనని నేనంటాను. కొడుకుకు పుట్టుకతో వచ్చిన ఆ ఓపికను పరాయివాడు నేర్చుకోవలసి వస్తుంది. మంచి దగ్గరి ఫొటో పరాయివాడికి ఆ ఓపికలో కొంత నేర్పగలదు. అంతకుమించి దానికి శక్తి ఉందని నేను చెప్పను.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పుకోవాలి. 1867లో జూలియా మార్గరెట్ కామెరూన్ తీసిన జాన్ హెర్షెల్ ఫొటో దగ్గరి ముఖచిత్రాలకు తొలి గొప్ప ఉదాహరణల్లో ఒకటి. 75వ ఏట ఉన్న ఆ శాస్త్రజ్ఞుడి ప్రతి ముడతా జ్ఞానానికి గుర్తుగా కనబడుతుంది. ఆమె ఫొటోల్లో ఆడవాళ్ళు ఎక్కువగా పడుచువాళ్ళు, మసక వెలుతురులో మెత్తగా ఉంటారు. ముసలితనం మగవాడికి హుందాతనమూ ఆడదానికి నష్టమూ అవుతుందని సుసాన్ సొంటాగ్ 1972లో రాసిన వ్యాసంలో ఎండగట్టింది. మన దగ్గర ఋషుల ముడతలకు దండం పెడతారు. కథల్లో దారితప్పినవాళ్ళందరికీ అన్నం పెట్టే పేదరాశి పెద్దమ్మ ముఖాన్ని మాత్రం ఎవరూ వర్ణించరు. అందుకని బీడీ కార్ఖానా ముందు కూర్చున్న అవ్వ ముఖాన్ని హెర్షెల్ ముఖం చూసినంత శ్రద్ధతో చూడటం వట్టి కళావిషయం కాదు, బాకీ తీర్చడం. ఇంతలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. ఆమె ముడతల్లో అందం ఉందని మనం తేల్చేసి, ఆమెను అడగకుండా ఉండిపోవచ్చు.

అడిగితే చాలామంది వద్దనే అంటారు. సికింద్రాబాద్‌లో లాలా దీన్ దయాళ్ 1886లో స్టూడియో పెట్టిన రోజుల్లోనే గాజు నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముడతలు పూడ్చడం ఫొటోల వృత్తిలో మామూలు పని. 1892లో ఆయన ఆడవాళ్ళకు ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అక్కడికి పరదాలో వచ్చినవాళ్ళు తమ ముఖం తమకు నచ్చినట్టు రావాలనే కోరుకుని ఉంటారు. ఇప్పటి చిన్న పట్టణాల స్టూడియోల్లోనూ అంతే. పోయినవాళ్ళ ఫొటో గోడకు పెట్టాలంటే కార్డు మీది చిన్న బొమ్మను పెద్దది చేయించి, ముఖం తెల్లగా నున్నగా చేయించి, కొత్త చీర కట్టిస్తారు. పెత్రమాసనాడు బియ్యమిచ్చేటప్పుడు ఆ ఫొటోకే దండ వేస్తారు. ఇది అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు. బతికినన్నాళ్ళూ ఎండే చూసిన ముఖానికి కాస్త విశ్రాంతి ఇవ్వాలని కూతురు అనుకుంటే అందులో భయం కంటే ఆదరం ఎక్కువ ఉండవచ్చు. బతికున్న అవ్వే నున్నటి ముఖం అడిగితే, భయం వదులుకోమని ఆమెకు చెప్పే అధికారం ఫొటోగ్రాఫరుకు లేదు. భయం వదులుకోవలసింది చూసేవాడు. ఈ వ్యాసంలో వాదించిందంతా చూసేవాడి గురించే. ముఖం ఆమెది కాబట్టి దాని మీద తుదిమాట కూడా ఆమెదే. ఫొటోగ్రాఫరు చేయగలిగిన పని ఒకటుంది. తీసినదాన్ని తీసినట్టే ఒకటి, నున్నగా చేసింది ఒకటి, రెండు ప్రతులు అచ్చువేయించి ఆమె చేతికివ్వాలి. వాటిని చూసుకోవడానికి ఆమెకు కావలసినంత సమయం ఇవ్వాలి. ఏది ఇంట్లో పెట్టుకోవాలో, ఏది పదిమందికి చూపించాలో, ఏది చించేయాలో ఆమె చెప్పినట్టే చేయాలి.